మూడో వరసలో తాయారు

తాయారు ఉద్యోగం నవ్వడం. ఈ మాట చెబితే ఇప్పటివాళ్లు నమ్మరు గానీ, గరివిడి చుట్టుపక్కల పల్లెల్లో యాభై దాటినవాళ్లనెవరినైనా అడిగి చూడండి. "ఆ, మూడో వరసలో కూకునే తాయారు కాదేటి!" అంటారు. హైస్కూలు వార్షికోత్సవానికీ, దసరా పందిట్లోనూ, ఫ్యాక్టరీ కాలనీ ఉగాదికీ, ఏడాదికి నాలుగైదు మార్లు చొప్పున ఇరవై రెండేళ్లపాటు ఆమె ఆ ఉద్యోగం వెలగబెట్టింది. నియామకపు ఉత్తర్వు లేదు. పదవీ విరమణ నాడు శాలువా కప్పినవాడూ లేడు. గోగు కోసి, నానబెట్టి, నార తీసిన చేతులు కడుక్కుని వచ్చి కూర్చునేది, నవ్వేది, లేచి పశువుల పనికి వెళ్లిపోయేది.

ఆ ఉద్యోగాన్ని సృష్టించిన మహానుభావులు చంద్రశేఖరం మాస్టారు. తండ్రీ తాతా గుళ్లో వేదం చదివిన ఇంట్లో పుట్టి, హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి, శనివారం సాయంత్రాలు మాత్రం లండన్ రేడియోకి సమర్పించుకున్నారు. అందులో వార్తల తర్వాత అరగంట హాస్యం వచ్చేది. ఇద్దరు దొరలు. ఒకడు అడిగేవాడు, ఇంకొకడు చెప్పేవాడు. ఇద్దరూ ఎంతో మర్యాదగా, కొంప మునుగుతున్నా కాఫీకి పిలిచినంత నెమ్మదిగా మాట్లాడుకునేవారు. ఆ మాటలు రాసేవారు కూడా ఇద్దరేనట, ఒక చిన్న గదిలో కూర్చుని ఒకడు టైపు కొడుతుంటే ఇంకొకడు అటూ ఇటూ తిరిగేవాడట. మాస్టారి దృష్టిలో ఆ గది కాశీతో సమానం.

ఆయన్ని వేధించిన సందేహం ఒక్కటే. ఆ రేడియోలో నవ్వేవాళ్లు ఎవరు? దాని మీద ఆయన లండనుకు ఒక ఉత్తరం రాశారు. 'అయ్యా, మీ కార్యక్రమంలో నవ్వువారికి ఉండవలసిన అర్హతలు ఏవి?' అని అడిగారు. మూడు నెలలకు జవాబొచ్చింది. వాళ్లు మామూలు జనమేననీ, వీధిలోంచి వచ్చి కూర్చుంటారనీ అందులో ఉంది. మాస్టారు నమ్మలేదు. మామూలు జనం అంత సమయానికి నవ్వుతారా? అదేదో గొప్ప విద్య అయి ఉంటుంది, పైకి చెప్పరు, అని తీర్మానించుకుని ఉత్తరాన్ని నిఘంటువులో దాచుకున్నారు.

సోములు, అంటే తాయారు మొగుడు, మాస్టారింటికి పాలు పోసేవాడు. ఐదో తరగతితో బడికి దండం పెట్టినవాడు. ఇంగ్లీషు ముక్క రాదు. ఓ శనివారం పాల చెంబు పట్టుకుని అరుగు కింద నిలబడిపోయి, రేడియో అయ్యేదాకా విని, "బావూ, ఆ రెండోవోడున్నాడు సూడండి. ఆడు సెప్పిన మాటలో ఏటీ నేదు. సెప్పీముందు ఆగినాడు. ఆ ఆగడంలో ఉన్నాది అంతానూ," అన్నాడు.

మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. బీఏలో ఇంగ్లీషు చదివిన తన స్నేహితులెవరికీ అంతుపట్టని రహస్యం పాల చెంబుతో గుమ్మంలోకి వచ్చింది మరి.

అలా జట్టు కట్టారు. లండన్ నమూనాలో మాస్టారు తెలుగులో నాటికలు రాశారు. అడిగేవారు ఆయన, చెప్పేవాడు సోములు. మొదటిది రైలు స్టేషనులో పోయిన సామాన్ల ఆఫీసు. మాస్టారు బల్ల వెనక గుమస్తా.

"ఏమయ్యా, ఏం పోయింది?"

"ఏటీ పోనేదు బావూ."

"మరి ఎందుకొచ్చావు?"

"పోనేదని రాయించుకుందారని. రేప్పొద్దున్న పోయిందనుకోండి, ఇవాళ ఉన్నట్టు రుజువుండొద్దేటి?"

"సరే. ఏమేం పోలేదో చెప్పు, రాసుకుంటాను."

"గొడుగు పోనేదు. కండువా పోనేదు. సెప్పులు…"

అక్కడ సోములు ఆగేవాడు. తల వంచి కాళ్ల వైపు చూసుకునేవాడు. ఒక కాలికే చెప్పు ఉండేది. దాన్ని చూసి, రెండో కాలిని చూసి, మళ్లీ దాన్నే చూసి, ఏ తొందరా లేకుండా తలెత్తి, "ఒకటి పోనేదు," అనేవాడు.

మొదటిసారి ఆడింది ఎనభై ఆరులో, స్కూలు వార్షికోత్సవం నాడు. జనం బిగుసుకుపోయి కూర్చున్నారు. ఊళ్లో సగం మంది మాస్టారి పాత విద్యార్థులు, మిగతా సగం ఇప్పటి విద్యార్థుల తల్లిదండ్రులు. మాస్టారు వేదికెక్కి ప్రశ్న అడుగుతున్నారంటే అది పరీక్షే తప్ప ఇంకోటి కాదు. "ఏం పోయింది?" అనగానే రెండో వరసలో ముప్పై ఏళ్ల పోస్టుమాస్టరు ఒకాయన అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు కూడా. మాస్టారి మీద నవ్వడమనే పాపం ఎవరు మూటగట్టుకుంటారు? చేతులు కట్టుకుని, గుడ్లప్పగించి, శ్రద్ధగా విన్నారు.

"ఒకటి పోనేదు" దగ్గర మాత్రం వెనకాల ఆడవాళ్లలోంచి ఒక నవ్వు వచ్చింది. అది తాయారుది. వట్టిపోయిన బోరింగును కొడితే ముందు గాలి, తర్వాత కిర్రుమని చప్పుడు, ఆ తర్వాత ఒక్కసారిగా ధార వస్తుంది చూడండి, ఆ రకం నవ్వు. జనం వెనక్కి తిరిగి చూశారు. నవ్వినా పిడుగు పడలేదని రూఢి చేసుకున్నారు. ఆ తర్వాత పందిరి గుంజలు కదిలిపోయేలా నవ్వారు.

మర్నాడు మాస్టారు సోములు ఇంటికి స్వయంగా విచ్చేశారు. లండను వాళ్లు దాచిన విద్య ఆయనకి దొరికిపోయింది.

"అమ్మా తాయారూ, ఇకనుంచి నువ్వు మూడో వరసలో కూర్చోవాలి. ముందు వరస ప్రెసిడెంటుగారిది, రెండోది వాళ్ల చుట్టాలది, అసలు జనం మొదలయ్యేది మూడోదాంట్లో. మీ ఆయన చెప్పు చూసుకున్నాక మనసులో రెండు లెక్కపెట్టు. ఒకటి, రెండు. అప్పుడు నవ్వాలి. మరిచిపోకు."

"అలాగే బావూ," అంది తాయారు.

మాస్టారు ఏం చెప్పినా ఊళ్లో ఎవరైనా ఇచ్చే జవాబే అది. మూలన కూర్చుని పలుపు పేనుతున్న సోములు తలెత్తలేదు. ఆ 'అలాగే' వాళ్లిద్దరి కాపురంలో ఏం చేసిందో అప్పుడు ఎవరికీ తెలియదు.

చెప్పొచ్చేదేమిటంటే, పెళ్లయిన కొత్తలో నాలుగేళ్లు సోములు ఇంట్లో కూడా నవ్వించేవాడు. ఎద్దుకి జలుబు చేస్తే ఎద్దు తరఫున మాట్లాడేవాడు. అన్నంలో రాయి తగిలితే దాన్ని వేలి మీద పెట్టుకుని, "ఇది కొండ బిడ్డ, తల్లి ఎదుకుతాది, ఎల్లి దింపీసొస్తాను," అని నిజంగానే లేచి చెప్పులేసుకునేవాడు. తాయారు పొయ్యి దగ్గర కూలబడి నవ్వేది. ఆ నవ్వు వీధి చివరికి వినబడేది.

మాస్టారు వచ్చి వెళ్లిన రోజు నుంచి ఆ ఇంట్లో హాస్యం బందైంది. సోములు కసరలేదు, కొట్టలేదు, అలగలేదు. మాట మాత్రం మానేశాడు. 'ఉప్పు', 'గడ్డి', 'వానొస్తాది', 'పడుకో'. రోజుకి ఇంచుమించు అంతే. కూతురు యమున చిన్నప్పుడు ఒకసారి వేదిక మీది మాటలు అనుకరించి ఇంట్లో గెంతుతుంటే, "ఊరుకోవే. మీయమ్మని ఊరికే ఉండనీ," అన్నాడు. తాయారు ఆ మాట విని, నన్ను చూస్తే ఈ మనిషికి నవ్వు కూడా బరువైపోయింది కాబోలనుకుంది. ఉన్న నీళ్లన్నీ ఊరి మడికి పారితే పెరట్లో పాదులకి ఏం మిగులుతాయి అనుకుంది. ఇంకా ఏమేమో అనుకుంది, ఎవరితోనూ అనలేదు.

అందుకే మూడో వరసకి ఒక్కసారి కూడా నాగా పెట్టలేదు. మొగుడు మాట్లాడితే వినాలంటే ఆమెకి ఉన్నది అదొక్కటే చోటు. ఏడాదికి నాలుగైదు అరగంటలు. వంద మందిలో కూర్చుని, మొగుడు ఏమంటాడోనని ఎదురుచూసి, అనగానే నవ్వేసి ఇంటికి వచ్చేది. కాస్త వెనకగా అతనూ వచ్చేవాడు. "అన్నం పెట్టు" అనేవాడు.

దసరాకి మాస్టారి భార్య అలివేలుమంగమ్మగారు తాయారుకి బొట్టు పెట్టి చీర ఇచ్చేవారు. ఆ చీర తెచ్చిన ప్రతిసారీ సోములు దాన్ని ఓసారి చూసి, బయటికి వెళ్లి ఎద్దు పక్కన నిలబడేవాడు.

రెండు వేల ఎనిమిది దసరాతో నాటికలు ఆగిపోయాయి. మాస్టారు రిటైరై అప్పటికే చాలా ఏళ్లయింది, పందిట్లోకి డాన్సు పార్టీలు వచ్చాయి. మాస్టారు తన మనవరాలు ఫోనులో పెట్టిచ్చిన దొరల హాస్యం చూసుకుంటూ కాలక్షేపం చేశారు. అందులోనూ నవ్వేవాళ్లున్నారు. "తాయారుకి సాటి రారు," అని తీర్పిచ్చేవారాయన. తాయారుకి మాత్రం ఆ అరగంటలూ పోయాయి. ఇంట్లో ఉప్పూ, గడ్డీ, వానా మిగిలాయి.

మొన్న పోయిన మాఘంలో సోములుకి గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు. ఫాల్గుణానికి ముద్ద దిగలేదు. విశాఖపట్నం తీసుకెళితే ఆపరేషన్ చేసి, స్వరపేటిక తీసేసి, మెడకి ఒక రంధ్రం పెట్టి పంపారు. రోగం అప్పటికే కిందికి దిగిపోయిందని డాక్టరు యమునతో చెప్పాడు. యమున వాళ్లమ్మతో చెప్పలేక సాలూరు నుంచి మొగుణ్ణి పిలిపించి చెప్పించింది. సోములుతో ఎవరూ చెప్పలేదు. అతను అడగనూ లేదు, అడగడానికి గొంతు లేదు.

తాయారుకి దుఃఖం కన్నా ముందు ఒక భయం పట్టుకుంది. ఆ మనిషి వెళ్లిపోతాడు. నన్నెందుకు కాదనుకున్నాడో తెలియకుండానే వెళ్లిపోతాడు. అడుగుదామంటే, జవాబు చెప్పే నోరే పోయింది.

ఎనభై మూడేళ్ల చంద్రశేఖరం మాస్టారు ఆటోలో దిగారు. సంచీలోంచి ఒక పలకా, సుద్దముక్కల డబ్బా తీశారు. మాట పోయిన మనిషికి బడిపంతులు చేయగలిగిన వైద్యం అదొక్కటే. మంచం పక్కన కుర్చీ లాక్కుని, కళ్లజోడు సవరించుకుని, పాత వేదిక గొంతుతో అడిగారు.

"ఏమయ్యా, ఏం పోయింది?"

సోములు ఆయన్ని కాసేపు చూశాడు. పలక అందుకుని రాశాడు. మాస్టారు నలభై ఏళ్లు బడిలో బతికిన మనిషి, పలక మీద అక్షరం కనిపిస్తే పైకి చదవకుండా ఉండలేరు. ఖంగున చదివారు: "ఏటీ పోనేదు బావూ."

"ఏమేం పోలేదో చెప్పు, రాసుకుంటాను."

"గొడుగు పోనేదు… కండువా పోనేదు… గొంతు…" సుద్దముక్క ఆగింది. సోములు తల వంచి మెడకు కట్టిన గుడ్డ వైపు చూసుకున్నాడు. ఆ ఒంటి చెప్పుని చూసుకున్న చూపే. అదే నిదానం. తలెత్తి రెండు ముక్కలు రాశాడు. మాస్టారు చదివారు: "నిన్నటిదాకా పోనేదు."

గుమ్మంలో నిలబడ్డ తాయారు నవ్వేసింది. ముందు గాలి, తర్వాత కిర్రుమని, ఆ తర్వాత ధార. ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత ఆ ఇంట్లో ఆ చప్పుడు పుట్టింది. నవ్వుతూనే ఉంది, కళ్లమ్మట నీళ్లు కారుతూనే ఉన్నాయి.

సోములు మొహం మాడిపోయింది. మోచేత్తో పలక తుడిచి, సుద్దముక్క విరిగేలా నొక్కి గబగబా రాసి మాస్టారి మొహం మీదికి తోశాడు. అది మాస్టారికి మాత్రమే రాసింది. కానీ అలవాటు అలవాటే, ఆయన పైకి చదివేశారు.

"దాన్ని ఇక్కడ కూడా నవ్వమనకండి బావూ. అక్కడంటే మీ మాట కాదన్నేక నవ్వినాది. ఇంటికాడైనా దానికి సెలవియ్యండి. అందుకే కదా నాను ఇంటికాడ నోరిప్పనేదు."

చదవడం అయ్యాక గానీ ఏం చదివారో మాస్టారికి తెలియలేదు. తాయారు గుమ్మం పట్టుకుంది.

"సెలవేటి?" అంది. "ఏటంతన్నావు నువ్వు? ఎవులు నవ్వమన్నారు నన్ను?"

సోములు వేలు మాస్టారి వైపు చూపించాడు. పలక మీద 'సీర' అని రాశాడు, నవ్వుకి కూలి అన్నట్టు.

"సీర అమ్మగోరు పండక్కి పెట్టినారు! అయిదుగురికి పెట్టినారు, నాకొక్కదానికేటి? ఓలయ్యో, నాకు నవ్వొచ్చి నవ్వినాను. నువ్వు సెప్పు సూసుకున్న పెతిసారీ కొత్తగానే నవ్వొచ్చింది. నాను నవ్వడానికి రానేదయ్యా, నువ్వు మాటాడతావు కదాని వచ్చినాను!"

సోములు మాస్టారి వైపు చూశాడు. పలక మీద 'లెక్క?' అని ఉంది. రెండు లెక్కపెట్టి నవ్వమన్నారు కదా అని అర్థం.

"ఆమెకి లెక్కెప్పుడు వచ్చింది సోములూ," అన్నారు మాస్టారు, నేల చూస్తూ. "నేను చెప్పినట్టు ఒక్కనాడూ నవ్వలేదు. ఓసారి ముందు నవ్వేసేది, ఓసారి మనం తర్వాతి మాటలోకి వెళ్లాక నవ్వేది. ఇరవై రెండేళ్లు నా నాటికలన్నీ అలాగే తగలబెట్టింది. నేనే… బాగుంది కదా అని ఊరుకున్నాను."

సోములు సుద్దముక్క కింద పెట్టాడు. తాయారుని చూశాడు. ఆమె పక్కన ఖాళీగా ఉన్న చోటుని చూశాడు. మళ్లీ ఆమెనే చూశాడు.

ఆ తర్వాత ఆరు వారాలు బతికాడు.

ఆ ఆరు వారాలూ అతనికి పలక సరిపోలేదు. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోస్తుంటే, 'పంచదార తక్కువయ్యింది. ముక్కు సెప్తన్నాది,' అని రాశాడు. పలకరించడానికి వచ్చి మంచం పక్కన రాజకీయాలు మాట్లాడుకుంటున్న చుట్టాల్ని చూపించి, 'నానుంటే వీళ్లకి ఇబ్బందేమో కనుక్కో,' అని రాశాడు. తాయారుకి చదువు అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో ఇదే మాస్టారు చెప్పినది, గుణింతం గుణింతం కూడబలుక్కోవాలి. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, ఒక్కో అక్షరం దాటుకుంటూ వెళ్లేది. సోములు ఆమె మొహమే చూస్తూ కూర్చునేవాడు. రెండు అంకెలు లెక్కపెట్టేంత విరామంతో పేరు తెచ్చుకున్న నటుడు ఇరవై అంకెలు, ముప్పై అంకెలు ఆగేవాడు. ఎంతసేపైనా ఆగేవాడు. చివరికి వేలు చివరి అక్షరం మీదికి వచ్చేది, బోరింగులో గాలి కదిలేది. అప్పుడు కళ్లు మూసుకునేవాడు.

ఒక రోజు డాక్టరు దగ్గర నుంచి వచ్చాక రాసిన దాన్ని చదవడానికి ఆమెకి అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టింది. 'డాక్టరు ఇంక మాటాడకండా బతకాలన్నాడు. ముప్పై ఎనిమిదేళ్లు ఇంటికాడ అదే కదా పేక్టీసు సేసినాను.' చదివి, నవ్వి, నవ్వు మధ్యలో ఆపి, అతని చెయ్యి పట్టుకుని కొట్టింది. గట్టిగా కాదు. "ఎంత పని సేసినావయ్యా," అంది. సోములు తల ఊపాడు. అదొక్కటే అతను చెప్పుకున్న క్షమాపణ.

ఆషాఢంలో ఒక పొద్దున్న పలక కడుక్కొద్దామని ఆమె కుళాయి దగ్గరికి వెళ్లింది. శుభ్రంగా తోమి, కొంగుతో తుడుచుకుని వచ్చేసరికి దాని మీద రాయడానికి మనిషి లేడు.

ఊరంతా వచ్చింది. వాకిట్లో పడుకోబెట్టారు. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని వంతులవారీగా రాగం తీసి ఏడ్చారు. పోయినవాడి గుణాలు చెప్పి ఏడవడం అక్కడి పద్ధతి. అక్కలు ఏడ్చారు, మరదళ్లు ఏడ్చారు, యమున ఏడ్చింది. తాయారు వంతు వచ్చింది. అందరూ సర్దుకుని కూర్చున్నారు.

"ఓలయ్యో నా తండ్రో… గోగు మడిలో నడుం లోతు నీళ్లల్లో నిలబడీవోడివి నా తండ్రో… ఊరికి మాటలు పంచీసి ఇంటికి ఊసు తేనేదనుకున్నాను నా తండ్రో… నాకు సెలవిచ్చినావా నా తండ్రో, నానడగని సెలవు నాకెందుకిచ్చినావు… డాక్టరు బావు మాటాడకండా బతకాలంటే నాకు కొత్తేటన్నావు నా తండ్రో, ముప్పై ఎనిమిదేళ్లు ఇంటికాడ అదే పేక్టీసు సేసినానని రాసినావు నా తండ్రో…"

వాకిట్లో చప్పుడు ఆగిపోయింది.

అది నవ్వొచ్చే మాటని అందరికీ తెలిసింది. ఒకరిద్దరి పెదాలు కదిలి బిగుసుకున్నాయి. ఎనభై ఆరులో మాదిరిగానే చేతులు కట్టుకుని, గుడ్లప్పగించి, కదలకుండా కూర్చున్నారు. నవ్వొచ్చునో కూడదో చెప్పే మనిషి కోసం పాత అలవాటు కొద్దీ ఎదురుచూశారు. చెప్పాల్సిన మనిషే అక్కడ కూర్చుని ఏడుస్తోంది. మూడో వరసలో ఎవరూ లేరు.

చంద్రశేఖరం మాస్టారు ప్లాస్టిక్ కుర్చీలో, చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని ఉన్నారు. ఇరవై రెండేళ్లలో వేదిక మీద ఒక్కసారి కూడా నవ్వుకి పెదవి కదపలేదన్నది ఆయనకి మిగిలిన ఒకే ఒక్క గర్వం. దొరలు కూడా అంత బిగబట్టలేరని చెప్పుకునేవారు. ఆయన గొంతులోంచి ఏదో వచ్చింది. దగ్గనుకున్నారు పక్కవాళ్లు. మళ్లీ వచ్చింది. తుప్పుపట్టిన గడియ తీసినట్టు, వంకరగా, ఏ మాత్రం అలవాటు లేని నవ్వు. కర్ర చేతిలోంచి జారిపోయింది. భుజాలు కదులుతున్నాయి. ఆపుకోవడం ఆయన వల్ల కాలేదు.

యమున కొంగు నోట్లో కుక్కుకుంది. వెనకాల ఎవరో ఒకరు నవ్వారు. తర్వాత ఇంకొకరు.

తాయారు తల వంచుకునే ఆగింది. సోములు మొహం వైపు చూసి, మనసులో ఒకటి అనుకుంది, రెండు అనుకుంది, అప్పుడు నవ్వింది. బతుకులో మొదటిసారి లెక్క తప్పలేదు. ఆ నవ్వు సద్దుమణిగేదాకా కూర్చుని, తర్వాత కొంగు మొహానికి తీసుకుని, ఆపిన చోటి నుంచి మళ్లీ రాగం అందుకుంది.